వంశంలో ఉందా?

“అది వాళ్ళ రక్తంలోనే ఉందమ్మా.”

ఈ మాట వినకుండా పెరిగిన తెలుగువాళ్ళు ఉండరు. పాట బాగా పాడే పిల్ల గురించి అంటే మెచ్చుకోలు. కనపడిన చోటల్లా అప్పులు చేసే కుర్రాడి గురించి అంటే దెప్పిపొడుపు. ఇంట్లో ఒక మనిషి నెలల తరబడి మంచం దిగకుండా ఉండిపోయినప్పుడో, నాలుగు రాత్రులు కంటి మీద కునుకు లేకుండా ఊరంతా తిరిగి చేతిలో ఉన్నదంతా పంచేసినప్పుడో అంటే మాత్రం గొంతు తగ్గిపోతుంది. అప్పుడా మాటలో ఉండేది హెచ్చరిక. ఆ ఇంటితో వియ్యం అందుకునే ముందు కాస్త ఆలోచించుకోండి, అని.

ఈ మాట మన ఒక్కరి సొత్తేం కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో, లాంకాస్టర్ కౌంటీలో, ఆమిష్ అనే క్రైస్తవ సమాజం ఉంది. గుర్రబ్బళ్ళ మీద తిరుగుతారు, ఇళ్ళకి కరెంటు తీగలు లాక్కోరు. వాళ్ళు మాట్లాడే జర్మన్ మాండలికంలో “సిస్ ఇమ్ బ్లూట్” అంటారు. అర్థం అదే, రక్తంలో ఉంది. జానిస్ ఎగెలాండ్ అనే పరిశోధకురాలు ఏళ్ళ తరబడి వాళ్ళ మధ్య తిరిగి మూడ్ డిజార్డర్ల మీద పనిచేసింది. పరిశోధనకి అంతకంటే అనువైన చోటు దొరకదు. పెద్ద పెద్ద కుటుంబాలు, తరతరాల వంశవృక్షాలు కాగితాల మీద భద్రంగా ఉన్నాయి. తాగుడూ మత్తుమందులూ తక్కువ కాబట్టి అసలు జబ్బేదో, మత్తు వల్ల వచ్చిందేదో తేల్చుకోవడం సులువు.

1880 నుంచి 1980 వరకు, వందేళ్ళలో, ఆ సమాజంలో 26 ఆత్మహత్యలు జరిగాయని ఆమె బృందం లెక్క తేల్చింది. వాటిలో దాదాపు మూడొంతులు నాలుగే నాలుగు కుటుంబాల్లో జరిగాయి. ఇంత వింటే రక్తంలో ఉందన్న మాట నిజమే కదా అనిపిస్తుంది. కానీ అదే లెక్కలో ఇంకో సంగతి ఉంది. మూడ్ డిజార్డర్లు అంతే దట్టంగా ఉండి కూడా, వందేళ్ళలో ఒక్క ఆత్మహత్యా జరగని కుటుంబాలు కూడా అక్కడే ఉన్నాయి. మనం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతాం. రెండో వాక్యం గుర్తుపెట్టుకోం.

1987లో ‘నేచర్’ పత్రికలో పెద్ద వార్త వచ్చింది. ఒక ఆమిష్ కుటుంబంలో బైపోలార్ జబ్బుకి 11వ క్రోమోజోమ్ కొసన ఉన్న భాగంతో సంబంధం దొరికిందని. పిచ్చికి జీన్ దొరికేసిందని ప్రపంచమంతా పేపర్లు రాశాయి. రెండేళ్ళు తిరక్కుండానే, 1989లో, అదే పత్రికలో ఆ ఫలితం కూలిపోయింది. ఎలా కూలిందో తెలిస్తే మనసు కాసేపు అక్కడే ఆగుతుంది. ఆ కుటుంబంలో ‘ఆరోగ్యవంతులు’ అనే గడిలో రాసుకున్న ఇద్దరు తర్వాత జబ్బుపడ్డారు. అదే కుటుంబంలో మరికొందరిని లెక్కలోకి తీసుకున్నారు. అంతే, గణాంకాల బలం పోయింది.

ఒక మనిషిని ఏ గడిలో రాయాలన్నది ఇంకా బతుకుతున్న ఆ మనిషి విషయంలో ఎప్పటికీ తాత్కాలికమే. ఇది సైన్సుకి రెండేళ్ళలో తెలిసింది. మన పెళ్ళిళ్ళ పేరమ్మలకి ఇంకా తెలియలేదు.

*

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. ఎందుకంటే మనలో చాలామందికి ‘జీన్’ అనగానే ఇప్పటికీ 1987 నాటి బొమ్మే మెదులుతుంది. ఒక స్విచ్చు. ఉంటే జబ్బు, లేకపోతే లేదు.

2003లో ‘సైన్స్’ పత్రికలో న్యూజిలాండ్‌లోని డునెడిన్ ఊళ్ళో 847 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. సెరటోనిన్‌కి సంబంధించిన ఒక జీన్ ఒక రకంగా ఉన్నవాళ్ళకి, జీవితంలో దెబ్బలు తగిలినప్పుడు, డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువని చెప్పింది. అందమైన కథ. పుట్టుకా కావాలి, కష్టమూ కావాలి. దీని మీద వందల పేపర్లు పుట్టాయి. 2019లో ఇంకో బృందం లక్షల మంది డేటా దగ్గర పెట్టుకుని, డిప్రెషన్‌కి కారణమని పేరుపడిన 18 జీన్లను, ఇదొక్కటే కాకుండా, పరీక్షించింది. కళ్ళు మూసుకుని ఏరిన ఏ జీన్లైనా వీటికి తీసిపోవని తేలింది.

ఇప్పుడున్న బొమ్మ వేరు. 2025 జనవరిలో ‘నేచర్’లో వచ్చిన అధ్యయనంలో బైపోలార్ ఉన్నవాళ్ళే 1,58,036 మంది. జన్యుపటంలో 298 చోట్ల ఈ జబ్బుతో సంబంధం కనిపించింది. అదే నెలలో డిప్రెషన్ మీద 29 దేశాల డేటాతో ఇంకో అధ్యయనం వచ్చింది. అందులో దాదాపు 700 జన్యుభేదాలు దొరికాయి. ఒక్కోదాని ప్రభావం ఆవగింజంత. ఇలాంటివి ఇంకా వేలల్లో ఉంటాయని అంచనా. ఇవి జబ్బున్నవాళ్ళలోనే ఉండేవి కావు. ఇది రాస్తున్న నాలోనూ చదువుతున్న మీలోనూ వీటిలో బోలెడున్నాయి.

అంటే ‘వంశంలో ఉందా?’ అన్న ప్రశ్నకి జన్యుశాస్త్రం ఇచ్చే నిజాయితీ అయిన జవాబు: అందరి వంశాల్లోనూ ఉంది. ఎంతెంత ఉందన్నదే తేడా.

అలాగని వంశపారంపర్యం అబద్ధమని కాదు. ఉత్తి పుణ్యానికి ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు. మామూలుగా నూటికి ఒకరికి వచ్చే బైపోలార్, తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఉంటే నూటికి ఐదు నుంచి పదిమందికి వస్తుంది. ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి వచ్చే అవకాశం అధ్యయనాన్ని బట్టి 40 నుంచి 70 శాతం. అది చాలా ఎక్కువ. కానీ అణువణువూ ఒకే జన్యువులున్న ఇద్దరిలో కూడా అది నూటికి నూరు కాదన్నదీ అంతే ముఖ్యం. తండ్రికి ఉన్నవాళ్ళ సంగతి తీసుకుంటే, నూటికి తొంభైమందికి పైగా రాదు. ఒకే అంకెని ‘పదింతలు ప్రమాదం’ అనీ చెప్పొచ్చు, ‘తొంభైమందికి రాదు’ అనీ చెప్పొచ్చు. రెండూ నిజమే. ఏది ఎంచుకుంటామన్న దగ్గర మన నీతి బయటపడుతుంది.

ఇంకో మాట కూడా తరచుగా వినపడుతుంది. బైపోలార్‌లో జన్యువుల వాటా 60 నుంచి 80 శాతం అంటారు. అది విని, మా బాబాయి జబ్బులో 70 శాతం తాతగారిది, 30 శాతం ఉద్యోగానిది అని పంచుకోవడానికి లేదు. ఒక గిన్నెడు పులుసులో రుచి ఉప్పుది ఎంత, చింతపండుది ఎంత అని అడిగితే జవాబుండదు. కానీ ఊళ్ళో వంద ఇళ్ళ పులుసు రుచి చూసి, ఇంటికీ ఇంటికీ తేడా ఎక్కువగా చింతపండు దగ్గరే వస్తోందని చెప్పొచ్చు. ఆ శాతం వంద ఇళ్ళ గురించిన అంకె. మీ గిన్నె గురించి అది ఏమీ చెప్పదు.

*

బాబాయి అన్నాను కదా. ఆ సంగతి చెప్తాను.

తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. 2003 వేసవిలో పదిరోజులు నిద్ర లేకుండా తిరిగాడు. క్లాసులో పిల్లలందరికీ సైకిళ్ళు కొనిస్తానని షాపులో అడ్వాన్సు కట్టాడు. దానికోసం ఇంటి కాగితాలు తాకట్టు పెట్టాడు. అడ్డం వచ్చిన హెడ్మాస్టర్ని అనరాని మాటలన్నాడు. ఆ తర్వాత ఆరు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంట్లో చుట్టాలు చేరి కారణం వెతికారు. మొదట పిన్ని కాలు పెట్టిన వేళ అన్నారు, పెళ్ళై అప్పటికి ఎనిమిదేళ్ళు. తర్వాత పిన్నే మందు పెట్టిందన్నారు. ఈ ‘మందు పెట్టడం’ ఏమిటో ఊళ్ళో పెరిగినవాళ్ళకి తెలుస్తుంది. అన్నంలో ఏదో కలిపి మగణ్ణి వశం చేసుకోబోతే వికటించిందని ఆరోపణ.

గుంటూరులో డాక్టరుగారు వంశంలో ఎవరికైనా ఇలా ఉందా అని అడిగారు. అప్పుడు బయటికొచ్చింది, కాలవలో కాలు జారి పడ్డాడని చెప్పుకునే చిన్న తాతయ్య కథ. డాక్టరుగారు పిన్నితో అన్నారట, “ఇది జబ్బమ్మా. చాలావరకు పుట్టుకలోనే ఉంటుంది. మీవల్ల రాలేదు.” తిరిగొచ్చేటప్పుడు బస్సులో పిన్ని ఊరొచ్చేదాకా ఏడ్చింది. అది దుఃఖం కాదు. ఎనిమిదేళ్ళ సంసారంలో మొదటిసారి ఒకళ్ళు తనని నిర్దోషి అన్నారు.

ఆ రోజు ‘రక్తంలో ఉంది’ అన్న మాట పిన్నికి విడుదల పత్రం. దానికి ఇరవై రెండేళ్ళ తర్వాత అదే మాట ఆవిడ కూతురికి వారంటు అయింది. మా చెల్లి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. ఒక సంబంధం దాదాపు కుదిరి, మధ్యవర్తి ఫోన్‌తో ఆగిపోయింది. “అబ్బాయివాళ్ళు వాకబు చేశారంట. వంశంలో ఉందంట కదా, ముందే చెప్పుంటే పోయేది.” చెల్లికి ఏ జబ్బూ లేదు. తనని చూసి కాదన్నవాళ్ళు లేరు. వాళ్ళు చూసింది వంశవృక్షాన్ని.

ఇది మా ఇంటి విడ్డూరం కాదని తర్వాత చదివితే తెలిసింది. మానసిక జబ్బులకి జన్యువులూ మెదడూ కారణమని చెబితే జనం ఏమనుకుంటారో పరిశీలించిన అధ్యయనాలన్నీ కలిపి 2013లో ఒక సమీక్ష వచ్చింది. ఆ వివరణ వింటే జబ్బు మనిషిని తప్పుపట్టడం తగ్గుతుంది. బాగుపడతారన్న నమ్మకమూ తగ్గుతుంది. 2014లో ఇంకొకటి. జబ్బుకి జీవసంబంధమైన కారణాలు చెప్పినప్పుడు, వైద్యం చేసేవాళ్ళలోనే రోగి మీద సానుభూతి తగ్గినట్టు తేలింది. నింద తగ్గితే దయ పెరగాలి కదా? పెరగలేదు. నిందించడంలో కనీసం ‘నువ్వు మారగలవు’ అన్న ఆశ ఉంది. ‘నీ పుట్టుకే అంత’ అన్నాక మనిషితో మాట్లాడ్డానికి ఏమీ మిగలదు.

కర్మ, తలరాత, గ్రహస్థితి అనే మాటల స్థానంలో ఇప్పుడు జీన్ అని పెట్టుకున్నాం. పదం మారింది, వాక్యం అదే ఉంది. ఎర్రగడ్డ అనో చినవాల్తేరు అనో ఊరి పేరుతో జోకులేసే మనం, సైన్సు పదం దొరికేసరికి మర్యాదస్తులమయ్యాం. దూరం మాత్రం తగ్గలేదు.

*

ఈ వాక్యం చేతికి అధికారం కూడా వస్తే ఏమవుతుందో చరిత్రలో రాసి ఉంది.

ఎర్నస్ట్ రూదిన్ జర్మనీలో పేరున్న మానసిక వైద్యుడు. మానసిక జబ్బుల వంశపారంపర్యాన్ని లెక్కలతో పరిశోధించిన తొలితరం వాడు. 1920ల్లో, అప్పట్లో మానిక్ డిప్రెసివ్ అని పిలిచే ఈ జబ్బు మీద, పెద్ద అధ్యయనం చేశాడు. మెండెల్ చెప్పిన సూత్రాల ప్రకారం ఇది తరం నుంచి తరానికి దిగుతుందని రుజువు చేయాలని అతని కోరిక. డేటా ఆ మాట చెప్పలేదు. ఆ అధ్యయనాన్ని అతను ప్రచురించలేదు, అది సొరుగులోనే ఉండిపోయింది. 1933 జూలైలో నాజీ ప్రభుత్వం బలవంతపు స్టెరిలైజేషన్ చట్టం తెచ్చింది. జాబితాలో మానిక్ డిప్రెసివ్ జబ్బు కూడా ఉంది. ఆ చట్టానికి వ్యాఖ్యానం రాసినవాళ్ళలో రూదిన్ ఒకడు. ఆ చట్టం కింద దాదాపు నాలుగు లక్షల మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు.

నాజీల పేరెత్తితే వాదన గెలిచేసినట్టే అనుకునే అలవాటు నాకు లేదు. మధ్యవర్తి ఫోన్ చేసినావిడ నాజీ కాదు, మంచావిడే, పిన్నికి జ్వరమొస్తే కూర పంపిస్తుంది. నన్ను కలవరపెట్టేది ఆ సొరుగు. అంకెలు ఏం చెప్పాయో అతనికి తెలుసు. అయినా, చెప్పనిదాన్ని వాటిచేత చెప్పించాడు. మనకి అంకెలే తెలియవు, అయినా అదే పని చేస్తున్నాం. ఇప్పుడు అమెరికాలో కొన్ని కంపెనీలు పిండాల జన్యుస్కోర్లు చూసి, బైపోలార్ ప్రమాదం తక్కువున్న పిండాన్ని ఎంచుకోమని తల్లిదండ్రులకి అమ్ముతున్నాయి. ఆ స్కోర్లకి ఆధారమైన డేటాలో ఎక్కువభాగం యూరప్ మూలాలున్న వాళ్ళది. మిగతావాళ్ళ విషయంలో వాటి గురి ఇంకా తప్పుతుంది. బలవంతం లేదు, డబ్బు కట్టేవాళ్ళ ఇష్టం. కానీ ‘ఎవరు పుట్టాలి’ అన్న ప్రశ్నకి ఆవగింజలు లెక్కపెట్టి జవాబు చెప్పడం అప్పటి ధైర్యమే.

కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ అమెరికాలో ఈ జబ్బు మీద ప్రామాణిక గ్రంథం రాసిన సైకాలజిస్టు. తనకే బైపోలార్ ఉంది. 1995లో వచ్చిన ‘యాన్ అన్‌క్వైట్ మైండ్’లో, ఒక డాక్టరు తనని పిల్లల్ని కనొద్దన్న సంగతి రాసింది. కారణం ఈ జబ్బే. ఆ సలహా ఇచ్చినాయన ఎదురుగా కూర్చున్నది, తన రంగంలో ఎంతోమందికి దారి చూపిన మనిషి. అలాంటి మనిషి మళ్ళీ పుట్టకూడదన్న అర్థం కూడా ఆ సలహాలో ఉందని ఆయనకి తోచలేదేమో.

*

ఇప్పుడు వైద్యం సంగతి. ఇక్కడ కథ ఇంకోలా నడుస్తుంది.

జాన్ కేడ్ ఆస్ట్రేలియా డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్‌లోని చాంగి క్యాంపులో జపాన్ సైన్యానికి మూడేళ్ళకి పైగా బందీ. విడుదలై వచ్చాక మెల్‌బోర్న్ శివార్లలో ఒక చిన్న మానసిక వైద్యశాలలో చేరాడు. ఉన్మాదం వచ్చినవాళ్ళ ఒంట్లో ఏదో విషపదార్థం ఎక్కువవుతుందని అతని సిద్ధాంతం. దాన్ని పరీక్షించడానికి రోగుల మూత్రాన్ని గినీ పందుల్లోకి ఎక్కించాడు. ఆ ప్రయోగాల్లో యూరిక్ ఆమ్లం నీళ్ళలో బాగా కరగడానికని లిథియం లవణం వాడాడు. గినీ పందులు నెమ్మదించాయి. ముందు తానే లిథియం మింగి చూసి, తర్వాత రోగులకిచ్చాడు. 1949లో పది మంది ఉన్మాద రోగుల మీద ఫలితాలు ప్రచురించాడు. ఐదేళ్ళుగా నెమ్మది లేని ఒకాయన కొన్ని నెలల్లో ఇంటికెళ్ళి పాత ఉద్యోగంలో చేరాడు.

సిద్ధాంతం తప్పు, మందు ఒప్పు. గినీ పందులు నెమ్మదించడం కూడా బహుశా లిథియం మోతాదెక్కువై మత్తు రావడం వల్లే. మందు కూడా మంత్రమేం కాదు. పాత ఉద్యోగంలో చేరిన ఆ మొదటి రోగి మందు మానేశాడు, జబ్బు తిరగబెట్టింది, మళ్ళీ మొదలుపెట్టాక 1950లో ఆ లిథియమే విషమై చనిపోయాడు. మేలుచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం తక్కువ. అందుకే ఇప్పుడు రక్తపరీక్షలు చేస్తూ ఇస్తారు. చేతులు వణుకుతాయి, దాహం వేస్తుంది, థైరాయిడ్‌నీ కిడ్నీలనీ కనిపెట్టుకుని ఉండాలి.

డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ 1954లో లిథియం మీద పద్ధతి ప్రకారం పరీక్షలు జరిపి ఫలితాలు ప్రచురించాడు. జీవితమంతా దాన్ని వదల్లేదు. ఇతని సొంత సోదరుడికి ఏళ్ళ తరబడి డిప్రెషన్ తిరగబెడుతూ ఉండేది. లిథియంతో అది నిలిచింది. ప్రకృతిలో దొరికే లవణం కాబట్టి పేటెంటు లేదు, కంపెనీలకి దానిమీద ఆసక్తి లేదు. అమెరికాలో అనుమతి రావడానికి 1970 దాకా పట్టింది. అది మెదడులో సరిగ్గా ఏం చేస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. అయినా డెబ్బై ఏళ్ళకు పైగా మనుషుల్ని ఇళ్ళకి తిరిగి పంపిస్తోంది.

దీంట్లో నాకు రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, ‘ఎందుకొచ్చింది’ అన్నదానికి జవాబు రాకుండానే ‘ఇప్పుడేం చెయ్యాలి’ అన్నదానికి జవాబు దొరకొచ్చు. మనం మొదటి ప్రశ్న దగ్గర పంచాయితీ పెట్టి కూర్చుంటాం. కోడలి అడుగా, గ్రహమా, జీనా తేలితే తప్ప మనిషికి గ్లాసెడు నీళ్ళివ్వం. రెండోది, షౌ. అతని ఇంట్లోనూ ఉంది. వంశంలో ఉందన్న ఎరుక అతన్ని ఆ జబ్బుకి దూరంగా తీసుకెళ్ళలేదు, జీవితమంతా దాని దగ్గరే కూర్చోబెట్టింది.

ఇంకో చిత్రం. లిథియం అందరికీ ఒకేలా పనిచెయ్యదు. కొందరికి అద్భుతంగా పనిచేస్తుంది, కొందరికి అసలు పట్టదు. బాగా పనిచేసే గుణం కూడా కుటుంబాల్లో నడుస్తుందని అధ్యయనాలు చెప్తున్నాయి. అందుకే మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్న తర్వాత, వాళ్ళకి ఏ మందు పడింది అని కూడా మంచి డాక్టర్లు అడుగుతారు. బెంగుళూరులో నిమ్‌హాన్స్ వాళ్ళు ఇతర సంస్థలతో కలిసి, ఒకే ఇంట్లో ఎక్కువమందికి తీవ్రమైన మానసిక జబ్బులున్న కుటుంబాలను ఏళ్ళ తరబడి వెన్నంటి చూస్తున్నారు. వాళ్ళ కణాలనుంచి ల్యాబులో మూలకణాలు తయారుచేసి పరిశోధిస్తున్నారు. జబ్బున్నవాళ్ళతో పాటు అదే ఇంట్లో జబ్బు రానివాళ్ళని కూడా చూస్తున్నారు. ఒకే రక్తంలో ఒకళ్ళని పడేసిందేమిటి, ఇంకొకళ్ళని నిలబెట్టిందేమిటి?

అంటే రక్తంలో జబ్బొక్కటే ఉండదు. మందుకి లొంగే గుణం ఉంటుంది. జబ్బుని ఆపే గుణమూ ఉంటుంది. ‘వంశంలో ఉంది’ అని గొంతు తగ్గించేవాళ్ళు ఈ సగం ఎప్పుడూ చెప్పరు.

*

ఇక చెల్లి అడిగిన ప్రశ్న. సంబంధం తప్పిపోయాక కొన్నాళ్ళకి ఫోన్ చేసింది. “అక్కా, ఇకమీద ముందే చెప్పేయాలా? నాన్న గురించి?”

ఇది తేలిక ప్రశ్న కాదు. చట్టం ఏమంటుందో చూద్దామంటే, 1955 హిందూ వివాహ చట్టం మానసిక స్థితి గురించి మాట్లాడుతుంది. కానీ అది పెళ్ళి చేసుకునే మనిషి స్థితి గురించి. పెళ్ళికీ పిల్లల్ని కనడానికీ తగనంత తీవ్రమైన జబ్బు ఉండకూడదంటుంది. విడాకుల దగ్గర కూడా జబ్బు పేరు చూపిస్తే చాలదు, తీవ్రత చూడాలని 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మానాన్నల జబ్బు గురించి ఆ చట్టంలో ఒక్క ముక్క లేదు. ఈ విషయంలో మన చట్టం మన మధ్యవర్తుల కంటే నయం.

నీతి సంగతి వేరు. అవతలివైపు నిలబడి చూస్తే, జీవితం పంచుకోబోయే మనిషి ఇంట్లో ఏముందో తెలుసుకోవాలనుకోవడం నేరమా? కాదు. దాచిపెట్టి చేసిన పెళ్ళిళ్ళు ఎలా పగిలిపోతాయో అందరం చూశాం. జబ్బు తనకే ఉండి దాస్తే అది మోసమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ తండ్రి జబ్బు? అది చెల్లి ఒక్కదాని రహస్యం కాదు, బాబాయిది కూడా. పైగా మొదటి ఫోన్లో, జీతమూ ఎత్తూ గోత్రమూ అడిగే చోట చెబితే, అది ఒక అనర్హతగా మాత్రమే వినపడుతుంది. ఆ చోటుకి ఇంకో అర్థం తెలీదు.

నా జవాబు ఇది. మధ్యవర్తికి చెప్పాల్సిన బాకీ ఏమీ లేదు. కలిసి బతుకుదామనుకున్న మనిషికి, నిర్ణయం తీసుకునేలోపు, చెప్పాలి. ఎందుకంటే రేపు తనకే ఒక రోజు నిద్రపట్టకపోతే, వారం గడిచినా పట్టకపోతే, అది గుర్తుపట్టాల్సింది ఆ మనిషే. వంశంలో ఉందన్న సమాచారం అక్కరకొచ్చేది అక్కడే. ముందుగా గుర్తుపట్టడానికి, డాక్టరు దగ్గరికి త్వరగా వెళ్ళడానికి, తాతలకి పడిన మందు మనవలకి గుర్తుచెయ్యడానికి. దగ్గరికి రావడానికి పనికొచ్చేదాన్ని దూరం జరగడానికి వాడుకుంటే, అది మోయగలిగినదానికంటే ఎక్కువ బరువు దాని నెత్తిన పెట్టినట్టు.

చెల్లి బాబాయినే అడిగింది. ఆయన కాసేపు ఏమీ అనలేదట. తర్వాత అన్నాడట, “చెప్పమ్మా. కానీ నేను ఇరవై రెండేళ్ళుగా ఒక్క పూట కూడా మందు మానలేదని కూడా చెప్పు.”

నేను ఈ మాట చాలా రోజులు ఆలోచించాను. బాబాయికి తన జీన్స్ ఎంచుకునే అవకాశం లేదు. 2003లో తాకట్టు పెట్టింది ఆయనా, జబ్బా అని ఎవరైనా అడిగితే తేల్చడం నావల్ల కాదు. హెడ్మాస్టరుగారి ఇంటికెళ్ళి క్షమాపణ చెప్పినప్పుడు బాబాయి ఆ తేడా తేల్చుకుని వెళ్ళలేదు. తన చేతులతో జరిగింది కాబట్టి వెళ్ళాడు. కానీ ప్రతి రాత్రి మాత్ర వేసుకున్నది మాత్రం ఆయనే, అందులో అనుమానం లేదు. రైలెక్కి గుంటూరు వెళ్ళి రక్తమిచ్చి వచ్చిందీ, పెళ్ళిళ్ళలో తెల్లవార్లూ పేకాట జరుగుతుంటే పదింటికి లేచి పడుకోవడానికి వెళ్ళిపోయిందీ ఆయనే. వంశవృక్షంలో ఆయన పేరు పక్కన జబ్బు రాసుకున్నవాళ్ళు దీన్ని ఎక్కడ రాస్తారు? దానికి గడి లేదు.

పిన్ని సంగతి కూడా అంతే. ఆ ఆరు నెలలూ ఆయన గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు పొద్దున్నే లేపి కూర్చోబెట్టి పళ్ళు తోమించింది పిన్ని. అవతలివాళ్ళు వాకబు చేసినప్పుడు ఆ వంశంలో ఇది కూడా ఉందని ఎవరూ చెప్పలేదు.

అందుకని ఇకమీద మీ ఇంట్లో ఎవరైనా ఒక సంబంధం గురించి గొంతు తగ్గించి ‘వంశంలో ఉందా?’ అని అడిగితే, అడగనివ్వండి. ఆపక్కర్లేదు. కాకపోతే ఇంకో నాలుగు ప్రశ్నలు దాని వెనకే అడగండి. డాక్టరుకి చూపించారా? ఏ మందు పడింది? మానకుండా వేసుకుంటున్నారా? నిద్ర పట్టని రోజుల్లో ఆ ఇంట్లో పక్కన ఎవరు కూర్చుంటారు?

ఆ నాలుగో ప్రశ్న మన ఇంటి గురించి కూడా అడుక్కోవచ్చు.